రాచకొండ కోట గోడ చూడబోతున్నరా? నీళ్లు మీరే తెచ్చుకోండి

రాచకొండ అంటే ఎవరికైనా ముందు పోలీస్ కమిషనరేటే యాదికొస్తది. 2016లో దానికి ఆ పేరు పెట్టినంక పేరు ఫేమస్ అయింది గానీ కోట కాలే. మాది నల్లగొండ, జిల్లాలు విడగొట్టకముందు ఈ కోట కూడా మా జిల్లాలదే (ఇప్పుడు యాదాద్రి భువనగిరి, సంస్థాన్ నారాయణపురం మండలం), అయినా మా చుట్టాలల్ల చూసినోళ్లు చాలా తక్కువ. దసరా సెలవులల్ల నేను, మా చిన్నమ్మ కొడుకు బండేసుకొని పోయినం.

ముందు గోడ సంగతి చెప్త. 1323లో కాకతీయుల రాజ్యం పోయినంక ఈ దిక్కు రేచర్ల పద్మనాయకులు బలపడ్డరు, అనపోతానాయకుడు ఆమనగల్లు నుంచి రాజధానిని రాచకొండకు తెచ్చుకున్నడు, ఓరుగల్లు ఏలే ముసునూరి కాపయనాయకుడు భీమవరం దగ్గర చనిపోయింది ఈయనతో యుద్ధంలనే. అంత పగ పెట్టుకున్నోడు గోడ ఎట్ల కట్టిస్తడు మరి! గుట్ట నిటారుగ ఉన్న కాడ బండనే గోడ, ఖాళీ ఉన్న కాడ పెద్ద పెద్ద రాళ్లు పేర్చి మూసిన్రు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి, సందుల్ల చిన్న చిన్న చిప్పరాళ్లు కొట్టి బిగించిన్రు. ఒక చిప్పరాయిని పట్టి గుంజి చూసిన, కదల్లే. దర్వాజలకైతే నిలువు స్తంభం ఒక్కటే రాయి, మీద అడ్డం పెట్టిన దూలం కూడా ఒక్కటే రాయి, దాన్ని ఆడికి ఎట్ల ఎక్కించి ఉంటరో అని మా తమ్ముడు అక్కడే కూసొని లెక్కలు షురూ చేసిండు, లేపితే లేస్తలేడు.

ఈ వంశంలనే సర్వజ్ఞ సింగభూపాలుడని ఒక రాజు సంస్కృతంల రసార్ణవసుధాకరం రాసిండు. 1430లల్ల కోట బహమనీల చేతికి పోయింది. ఇప్పుడు గుప్తనిధులోళ్ల వంతు, అక్కడక్కడ తవ్విన గుంతలే. మేకలు కాసే తాత ఒకాయన నవ్విండు: "బంగారముంటే మేం గిట్ల మేకలెంబడి తిరుగుదుమా బిడ్డా?" తొవ్వ కూడా ఆయనే చూపించిండు, ఫోన్ మ్యాప్‌ని నమ్ముకుంటే పొదల్ల తిరుగుడే.

సౌకర్యాలంటరా, ఏం లేవు. టికెట్ లేదు, బోర్డు లేదు, బాత్రూం లేదు, పైన నీళ్లు దొరకవు. పిల్లలు, పెద్దోళ్లు ఉంటే భువనగిరి కోటకే పోండి, మెట్లున్నయి, పట్టుకోను రెయిలింగ్ ఉంది, కింద ఊరు ఉంది, కానీ ఆదివారం జనంల గోడ ఏం చూస్తరు. ఇంకోటి దేవరకొండ, అనపోతానాయకుని తమ్ముడు మాదానాయకుడు ఏలిన జాగ. ఏడు గుట్టల నడుమ కోట, పక్కనే టౌన్ కాబట్టి తిండికి ఇబ్బంది లేదు, గోడ పొడుగు కూడా బాగుంటది, కాకపోతే పొదలు, ముళ్లు. నాకైతే రాతిపనిల రాచకొండే ముందు.

మేం చౌటుప్పల్‌ల హైవే మీద ఒక లాడ్జిల దిగినం. గీజర్ ఉందన్నరు, పొద్దున అడిగితే కరెంట్ లేదన్నరు, రాత్రంతా లారీల హారన్లు. ఇచ్చిన పైసలకు దండగ. హైదరాబాద్ నుంచైతే అసలు రూం అవసరమే లేదు, పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి ఇంట్ల ఉంటరు. చౌటుప్పల్ దాకా బస్సులకు కొదవ లేదు, ఆడికెంచి లోపలికి ఆటో మాట్లాడుకునేటప్పుడు వాపస్ రావడానికి కూడా మాట్లాడుకోండి, లేకుంటే అక్కడ ఏం దొరకదు. టిఫిన్ హైవే మీదనే కానిచ్చుకొని మధ్యాహ్నానికి కట్టించుకొని పోండి. షూస్ తప్పనిసరి.

టైం మిగిలితే తిరుగుడుల భూదాన్ పోచంపల్లి వైపు పోవచ్చు, మగ్గాలు చూడొచ్చు, చీరలు కొనొచ్చు, అమ్మ కూడా ఖుష్ అయితది. వానలు వెనకవట్టినంక నుంచి సంక్రాంతి దాకా మంచి టైం, సీతాఫలాలు కూడా అప్పుడే. ఎండాకాలం మాత్రం వద్దు, మధ్యాహ్నం ఆ బండ మీద నిలవడలేరు.