తాకి చూసే మ్యూజియంలో ఒక రోజు: దేనికి ఆగాలి, ఏది వదిలేయాలి

పెద్ద సైన్స్ మ్యూజియానికి వెళ్లొచ్చిన వాళ్లు "అన్నీ చూసేశాం" అంటుంటారు. నేనూ, పదకొండేళ్ల మా మేనల్లుడూ ఆరు గంటలు తిరిగి సగం కూడా చూడలేదు. రెండు అంతస్తుల వైపు వెళ్లనే లేదు. అయినా బాధ లేదు, ఎందుకంటే ఒక్క తిరిగే స్టూల్ దగ్గరే ముప్పావు గంట గడిపాం.

రెండు చేతుల్లో బరువులు పట్టుకుని, చేతులు చాచి ఆ స్టూల్ మీద కూర్చోవాలి. ఎవరో ఒకరు మెల్లగా తిప్పుతారు. చేతులు గుండెల దగ్గరకు లాక్కోగానే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. "మామయ్యా, నేనేం చెయ్యలేదు, అదే తిరిగింది!" అని అరిచాడు మా వాడు. కోణీయ ద్రవ్యవేగం (తిరిగే వస్తువుకు ఉండే ఊపు) అనే మాట వాడికి ఇంకా తెలీదు, కానీ కడుపులో తిప్పడం మాత్రం బాగా తెలిసింది. పక్కనే సైకిల్ చక్రం ఉంది. గిర్రున తిరుగుతున్న చక్రాన్ని పట్టుకుని ఇరుసును నిలువుగా వంచితే, మనం కూర్చున్న స్టూల్ ఎదురు దిశలో తిరుగుతుంది. అది చూసి నాకే నవ్వాగలేదు.

హాలుకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి లోపలికి వంగిన పెద్ద పళ్లాలుంటాయి. మధ్యలో స్కూలు పిల్లల గోల. అయినా ఒక పళ్లెం దగ్గర గుసగుసలాడితే రెండో దాని దగ్గర స్పష్టంగా వినబడుతుంది. కిటుకేమిటంటే పళ్లెం వైపు తిరిగి, చిన్న రింగు పెట్టిన చోట నోరు ఉంచి మాట్లాడాలి. చాలా మంది హాలు వైపు తిరిగి మాట్లాడి, వినబడలేదని వెళ్లిపోతున్నారు. ఆ మాట చెప్పడానికి అక్కడ ఒక మనిషిని పెట్టొచ్చు కదా అనిపించింది.

రంగుల నీడల గది చిన్నదే, కానీ వదలొద్దు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలు మూడూ పడిన చోట గోడ తెల్లగా ఉంటుంది. చెయ్యి అడ్డం పెడితే నీడ నల్లగా రాదు. ఎరుపును ఆపితే మిగిలిన రెండూ కలిసి లేత నీలి ఆకుపచ్చ నీడ వస్తుంది. బంతుల పందెం ఇంకోటి. తిన్నని పట్టా మీద ఒకటి, కిందికి బాగా వంగిన పట్టా మీద ఒకటి ఒకేసారి వదలాలి. దూరం ఎక్కువైనా వంపు పట్టా మీదిదే గెలుస్తుంది. అన్నిటికంటే త్వరగా దింపే దారి ఏది అని యోహాన్ బెర్నూలీ అనే గణితజ్ఞుడు 1696లోనే తోటి గణితజ్ఞులకు సవాలు విసిరాడట. మా వాడు ఆరుసార్లు తిన్నని పట్టా మీదే పందెం కట్టి ఆరుసార్లూ ఓడాడు.

నచ్చనిది టచ్‌స్క్రీన్ల హాలు. ఇంట్లో ఫోన్‌లో చేసే పనికి ఇంత దూరం రావాలా? అంతకంటే చిరాకు పెట్టింది "మరమ్మతులో ఉంది" అనే బోర్డు. ఒక్క హాల్లోనే ఏడు లెక్కపెట్టాం. ఇన్ని చేతులు పడితే వస్తువులు పాడవుతాయి, నిజమే. శాన్ ఫ్రాన్సిస్కోలో 1969లో ఎక్స్‌ప్లొరటోరియం అనే ఇలాంటి తాకి చూసే మ్యూజియాన్ని స్థాపించిన ఫ్రాంక్ ఒపెన్‌హైమర్ (అణుబాంబు ఒపెన్‌హైమర్ తమ్ముడే) వర్క్‌షాప్‌నే సందర్శకులకు కనబడేలా పెట్టించాడు. బాగుచేసే పని కూడా జనం చూస్తారు. ఇక్కడ మాత్రం బోర్డు తగిలించి చేతులు దులుపుకున్నారు.

సౌకర్యాల సంగతి. బ్యాగు లాకర్లో పెట్టేయండి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. కూర్చోవడానికి బెంచీలు తక్కువ. మధ్యాహ్నం క్యాంటీన్ కిటకిటలాడింది. స్కూలు బస్సులు వెళ్లిపోయాక, మూడు దాటితే, క్యూలు లేవు.

ఫూకో లోలకాన్ని (పొడవాటి తీగకు వేలాడుతూ ఊగే బరువైన గుండు) మాత్రం లోపలికి రాగానే ఒకసారి చూసి వెళ్లండి. అందరూ రెండు నిమిషాలు చూసి కదిలిపోతారు, అంతలో ఏమీ జరగదు. అది ఊగే దిశ చాలా నెమ్మదిగా జరుగుతుంది. నిజానికి తిరిగేది కింద ఉన్న భూమి. ధ్రువాల దగ్గరైతే రోజుకు ఒక చుట్టు, భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఇంకా నెమ్మది. గుండు తగిలి పడేలా చుట్టూ నిలబెట్టిన పుల్లల్లో, పొద్దున నిలబడి ఉన్నవి కొన్ని మేం తిరిగొచ్చేసరికి పడిపోయి ఉన్నాయి. తర్వాతి పుల్ల కూలేదాకా కదలనన్నాడు మా వాడు. గుండు తగిలీ తగలకుండా రాసుకుంటూ పోయింది, పుల్ల వణికింది, పడలేదు. ఈలోగా మూసేసే టైమైందని సెక్యూరిటీ ఆయన వచ్చి పిలిచాడు. "ఇంకొక్క ఊపు, అంకుల్" అన్నాడు వీడు. ఆయన కూడా ఆగి చూశాడు.