ఫేర్‌వెల్‌కి ఏం కట్టుకోవాలి: అమ్మ పట్టుచీరా, జార్జెట్టా, లంగావోణీనా, అద్దె లెహంగానా?

మా అక్క కూతురు ఇంటర్ సెకండియర్. వచ్చే సోమవారం వాళ్ల కాలేజీలో ఫేర్‌వెల్. పది రోజుల నుంచి రోజూ రాత్రి ఫోన్ చేసి "పిన్నీ, ఇది బాగుంటుందా, అది బాగుంటుందా" అని ఫొటోల మీద ఫొటోలు పంపుతోంది. పోయినేడు మా అమ్మాయి పదో తరగతి ఫేర్‌వెల్‌కి నేనూ ఇదంతా పడ్డాను, కొన్ని తప్పులు చేశాను, డబ్బు కూడా పోయింది. ఫిబ్రవరి వస్తే పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇదే టెన్షన్ కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు ఆ రోజు ఎలా గడుస్తుందో గుర్తు తెచ్చుకోండి. మన దగ్గర చాలా చోట్ల ఫేర్‌వెల్ అంటే పొద్దున తొమ్మిదికి వెళ్తే సాయంత్రం నాలుగైతే గానీ ఇంటికి రారు. గ్రౌండ్‌లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, స్టేజీ ఎక్కడం దిగడం, నిలబడి భోజనం, ఆ తర్వాత డాన్సులు, మధ్యలో ఫొటోల కోసం మూడో అంతస్తు దాకా మెట్లు. పొద్దున అద్దం ముందు ఎలా ఉందన్నది అందరూ చూస్తారు, మధ్యాహ్నం రెండింటికి ఆ బట్టలో పిల్ల ఎలా ఉంటుందన్నది ఎవరూ చూడరు. నేను అదే చూడమంటాను.

మొదట అందరికీ తట్టేది అమ్మ పట్టుచీర. బీరువా తీయగానే కలరా ఉండల వాసనతో పాటు బయటికొచ్చే ఆ కంచిపట్టు అంటే ఆడపిల్లలకి ఎంత ఇష్టమో నాకు తెలుసు, నాకూ అంతే ఉండేది. పట్టుకి ఒక పెద్ద సుగుణం ఉంది, పెట్టిన చోట ఉంటుంది. కుచ్చిళ్లు జారవు, కొంగు మడత మీద మడత నిలబడుతుంది, ఫొటోలో రంగు బాగా పడుతుంది. కానీ పెద్ద జరీ అంచున్న పెళ్లి చీర మొదటిసారి చీర కట్టే పిల్లకి బరువు. నడుము దగ్గర కుచ్చిళ్లన్నీ దట్టంగా చేరతాయి, సన్నగా ఉన్న పిల్ల పొట్ట దగ్గర దిండు కట్టుకున్నట్టు ఇబ్బంది పడుతుంది, ఎండకి చెమట పడితే ఆ మరక తర్వాత వదలదు. ఇంకొకటి, పాత పట్టుచీరలు ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంటే ఆ మడత గీత దగ్గర చిట్లుతాయి. ఆ చీర కట్టాలని నిర్ణయించుకున్న రోజే మొత్తం విప్పి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని మడతలు చూడండి. వెలుతురు గీతలా కనిపిస్తే ఆ చీర వదిలేయండి, స్టేజీ మీద చిరిగితే పిల్లకి ఏడుపు, మీకు చీర పోయిన బాధ.

పట్టే కావాలంటే మధ్యేమార్గం గద్వాల్. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, కాబట్టి చూడ్డానికి నిండుగా ఉంటుంది, మోయడానికి తేలిక. మా అక్క దగ్గర ఒకటి ఉంది, ఆవపువ్వు రంగు, మెరూన్ అంచు. దాని గురించి చివర్లో చెప్తాను.

మంగళగిరి కాటన్ నాకు చాలా ఇష్టం, మేం గుంటూరు వాళ్లం, పక్కనే. సాదా ఒళ్లు, నిజాం బార్డర్ అనే జరీ అంచు, అంతకన్నా హుందా అయిన చీర ఆ వయసు పిల్లకి ఇంకోటి లేదని నా అభిప్రాయం. అయితే కొత్త చీర గంజితో పెళపెళలాడుతుంది, కుచ్చిళ్లు గొడుగులా విచ్చుకుంటాయి, కూర్చుని లేచేసరికి వెనకాల అంతా నలిగిపోయి ఉంటుంది. ఒకటి రెండుసార్లు తడిపి ఆరేసి ఇస్త్రీ చేయిస్తే మెత్తబడి ఒంటికి అంటుకుని ఉంటుంది. ఎండకి ఇంత హాయి ఇంకే బట్టలోనూ ఉండదు. నలిగితే నలిగింది అనుకోగల పిల్లకి ఇదే మేలు, ప్రతి ఫొటోకీ ముందు చీర సర్దుకునే పిల్లకి వద్దు.

ఇక జార్జెట్. ఫోన్లో చూసి ఆర్డర్ పెట్టేవాటిలో చాలా వరకు ఇవే, చెమ్కీలు కుట్టినవి, సన్నటి అంచువి. ధర తక్కువ, బరువు లేదు, నలగదు, ఇంట్లో ఉతుక్కోవచ్చు. డాన్స్ చేయబోయే పిల్లకి నిజంగా పనికొస్తుంది. చిక్కేమిటంటే జార్జెట్ ఒక్క క్షణం నిలకడగా ఉండదు, జారుతూనే ఉంటుంది. అందుకని పిన్నుల మీద పిన్నులు పెడతారు, పిన్ను లాగినచోట దారం పోగు లేస్తుంది, కాసేపటికి చిల్లు. చెమ్కీ చీరయితే ఇంకో బాధ, కొంగు కింద చేయి రాసుకుని సాయంత్రానికి మోచేతి లోపలి వైపంతా ఎర్రగా గీరుకుపోతుంది. మా అమ్మాయి స్నేహితురాలికి అలాగే అయింది, ఇంటికొచ్చాక కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చుంది పాపం. జార్జెట్ తీసుకుంటే చెమ్కీ లేనిది, అంచు కాస్త బరువున్నది తీసుకోండి, ఆ బరువుకి కొంగు కిందికి దిగి నిలబడుతుంది.

పదో తరగతి పిల్లలకి మాత్రం నా ఓటు లంగావోణీకే, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. లంగా కుట్టేసి ఉంటుంది, కుచ్చిళ్లు ఊడతాయన్న భయం లేదు. ఓణీ ఒక్కటే సర్దుకోవాలి, భుజం మీద ఒక పిన్ను, నడుము దగ్గర ఒకటి. మెట్లెక్కేటప్పుడు రెండు చేతులతో లంగా కాస్త ఎత్తుకుంటే చాలు. బాత్‌రూమ్‌కి వెళ్లిరావడం కూడా చీర కన్నా చాలా సులువు, ఈ మాట ఎవరూ చెప్పరు కానీ ఏడు గంటలు బయట ఉండే పిల్లకి ఇది చాలా పెద్ద విషయం. చీర కుచ్చిళ్లు మళ్లీ ఎక్కడ ఊడతాయోనని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చున్న పిల్లల్ని నేను చూశాను.

పైగా ఓణీల ఫంక్షన్ చేసిన ఇళ్లల్లో ఆ లంగా బీరువాలో ఉండనే ఉంటుంది. మూడేళ్లలో పిల్ల ఎదిగి అది చీలమండ పైకి వచ్చి ఉంటుంది, అంతే కదా. మా అమ్మాయిది రెండంగుళాలు పొట్టి అయింది. మా చిన్నప్పుడు పట్టుపావడాలకి లోపల మడతలు వేసి కుట్టించేవాళ్లు, ఏడాదికొకటి విప్పేవాళ్లు. ఇప్పుడు అలా కుట్టించడం తగ్గింది, అయినా కింద అంచు మడత తిప్పి చూస్తే అంగుళమో అంగుళంన్నరో లోపల గుడ్డ ఉంటుంది. అది విప్పించి కింద ఇంకో రంగు అంచు వేయించాను, చూసినవాళ్లు కావాలని అలా కుట్టించామనుకున్నారు. జాకెట్టు కూడా అంతే. పక్క కుట్లు రెండు విప్పితే లోపల గుడ్డ బయటికొస్తుంది, అది ఎండ తగలక ముదురు రంగులో ఉంటుంది, పాత కుట్టు సూది చిల్లులు వరసగా కనిపిస్తాయి. ఒక వైపు ఓణీ, ఇంకో వైపు చేయి కప్పేస్తాయి కాబట్టి పెద్దగా ఎవరికీ తెలియదు.

మరి డబ్బు పోయిందన్నాను కదా, అది అద్దె లెహంగా దగ్గర. మొదట మా అమ్మాయి లెహంగానే అడిగింది. మూడు వేలు అద్దె, ఐదు వేలు డిపాజిట్. లోపల క్యాన్‌క్యాన్ అని, ఉబ్బుగా నిలబడేందుకు గట్టి నెట్ గుడ్డ వేసి, అద్దాలు కుట్టి, ఎత్తి చూస్తే బియ్యం బస్తా మోస్తున్నట్టుంది. ఇంటికి తెచ్చి వేయిస్తే పిల్ల మా ఇంటి మెట్లే ఎక్కలేకపోయింది. అప్పటికప్పుడు మనసు మార్చుకుని లంగావోణీకి వచ్చాం. లెహంగాని తిరిగిచ్చేటప్పుడు అంచుకి మట్టి అంటిందని డిపాజిట్‌లో పదిహేను వందలు కోసుకున్నారు, ఆ మట్టి మా ఇంట్లో అంటింది కాదు, ముందే ఉంది, తీసుకునేటప్పుడు నేను ఫొటో తీసుకోలేదు. మీరు అద్దెకి తెస్తే షాపులోనే అంచు, హుక్కులు, చంకల దగ్గర కుట్లు వీడియో తీసుకోండి. గౌను అయితే నేల మీద ఈడ్చుకుంటూ పోతుంది, గ్రౌండ్‌లో దుమ్ముకి పనికిరాదు, ఏసీ హాల్లో సాయంత్రం ఫంక్షన్ అయితేనే ఆలోచించండి.

మగపిల్లల సంగతి తేలిక. తెల్ల చొక్కా, పంచె చాలా బాగుంటుంది, వెల్‌క్రో పంచెలు దొరుకుతున్నాయి. బ్లేజరు ఫిబ్రవరి మధ్యాహ్నం వద్దు.

ఇంకో విషయం నాకు మనసులో ఉండిపోయింది. మా అమ్మాయి క్లాసు వాళ్లు వాట్సాప్ గ్రూపులో మొదట "అందరూ నల్ల చీర" అని పెట్టుకున్నారు. నల్లచీర మన ఇళ్లల్లో ఎంతమంది దగ్గర ఉంటుంది? చాలామంది అమ్మలు శుభమా అని నలుపు కొనరు. అంటే ప్రతి ఇంటికీ కొత్త చీర, కొత్త జాకెట్టు, కుట్టుకూలి. తర్వాత మార్చుకున్నారు కానీ అప్పటికే ఒకమ్మాయి రానని చెప్పేసింది, జ్వరమంది. జ్వరం కాదని తర్వాత తెలిసింది. పదేళ్లు కలిసి చదువుకున్న పిల్ల ఆఖరి ఫొటోలో లేదు. ఒకే రంగు పెట్టుకోవాలనుకుంటే ఎరుపో, పసుపో, ఆకుపచ్చో పెట్టుకోండి, ఏ ఛాయ అయినా సరే అనండి, ప్రతి అమ్మ బీరువాలోనూ అందులో ఒకటి ఉంటుంది. పిల్లలూ, ఈ ఒక్కటి నా మాట వినండి.

చీర కట్టేవాళ్లకి రెండు మూడు జాగ్రత్తలు. లోపలి లంగా చీర రంగుదే అయి ఉండాలి, బొందు గట్టిగా కట్టాలి, చీరంతా దాని మీదే నిలబడుతుంది. వేసుకోబోయే చెప్పులు తొడుక్కున్నాకే చీర కట్టడం మొదలుపెట్టండి, తర్వాత హీల్స్ వేస్తే చీర పైకి లేచి కాళ్లు కనిపిస్తాయి. పిన్ను పెట్టేముందు దానికి ఒక చిన్న పూస ఎక్కించండి, పిన్ను చుట్ట దగ్గర గుడ్డ ఇరుక్కోకుండా ఉంటుంది, పట్టు చిరగదు. స్కూటీ మీద పంపిస్తుంటే కొంగూ కుచ్చిళ్లూ ఒళ్లో పెట్టించి కూర్చోబెట్టండి, చక్రంలో పడితే ప్రాణం మీదకొస్తుంది. ముందు ఆదివారం ఒక రెండు గంటలు ఇంట్లో కట్టించి, అన్నం తినిపించి, మెట్లు ఎక్కించి దింపండి. ఎక్కడ జారుతుందో, ఎక్కడ గుచ్చుకుంటుందో అప్పుడే తెలిసిపోతుంది.

మా అక్క కూతురు జార్జెట్ దగ్గర మొదలుపెట్టి చివరికి వాళ్లమ్మ గద్వాల్ దగ్గరికి వచ్చింది. నిన్న వీడియో కాల్‌లో కట్టి చూపించింది, కుచ్చిళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి కానీ కొంగు సర్దుకోవడానికి చేయి ఒక్కసారి కూడా భుజం మీదకి పోలేదు. జాకెట్టు శుక్రవారానికి ఇస్తానన్నాడు టైలరు. ఆదివారం పొద్దున్నే నేను వాళ్లింటికి వెళ్తున్నాను, పూసలు, పిన్నులు పట్టుకుని.