డీవీడీ రైటర్ పెట్టె మీద 24ఎక్స్, 8ఎక్స్: వాడి చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, డ్రైవు బాగుంది, పెట్టిన డబ్బుకి నష్టం లేదు. కానీ పెట్టె మీద అంత పెద్ద అక్షరాలతో వేసిన అంకెల్ని చూసి కొందామనుకుంటున్నవాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీతో తగిలించుకునే పల్చటి డీవీడీ రైటర్ ఇది, రెండు వేలకి కాస్త అటూ ఇటూగా వచ్చింది. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ సైజు డ్రైవు ఎవరిది తీసుకున్నా దాదాపు ఇవే అంకెలుంటాయి, ఎందుకుంటాయో కింద చెప్తాను. కొన్న కారణం కూడా చాలా ఇళ్లలో ఉన్నదే: బీరువాలో పెళ్లి డీవీడీలు, ఓణీల ఫంక్షన్ వీసీడీలు, నాన్నగారి ఘంటసాల పాటల ఎంపీత్రీ సీడీలు గుట్టగా పడున్నాయి, కొత్త ల్యాప్‌టాప్‌లో ట్రే లేదు.

ముందు ఈ ఎక్స్ సంగతి తేల్చుకోవాలి, ఎక్స్ అంటే మూల వేగానికి ఎన్ని రెట్లు అని. షాపులో అబ్బాయి "సార్, సీడీకి 24, డీవీడీకి 8, అంటే డీవీడీ మూడు రెట్లు స్లో" అన్నాడు. అది పూర్తిగా తిరగేసిన లెక్క. సీడీకి 1ఎక్స్ వేరు, డీవీడీకి 1ఎక్స్ వేరు. 1982లో ఆడియో సీడీ వచ్చినప్పుడు పాట సరిగ్గా వినపడాలంటే సెకనుకు 75 సెక్టార్లు (డిస్కు మీద డేటా ముక్కలు) చదవాలి అని పెట్టారు. డేటా సీడీలో ఒక్కో సెక్టారుకి 2048 బైట్లు, గుణిస్తే సెకనుకు 150 కిలోబైట్లు, అదే సీడీ 1ఎక్స్. డీవీడీ 1ఎక్స్ అంటే సెకనుకు సుమారు 1385 కిలోబైట్లు, అంటే సీడీ 1ఎక్స్‌కి తొమ్మిది రెట్లు. బ్లూ-రే అయితే 1ఎక్స్‌కే నాలుగున్నర మెగాబైట్లు. ఇప్పుడు పెట్టె మీద అంకెలు మళ్లీ చూడండి: 24ఎక్స్ సీడీ అంటే సెకనుకు మూడున్నర మెగాబైట్ల చిల్లర, 8ఎక్స్ డీవీడీ అంటే 11 మెగాబైట్లు. చిన్న అంకె ఉన్నదే మూడు రెట్లు వేగం. ఇంత సింపుల్ విషయాన్ని పెట్టె మీద ఎంబీల్లో ఎందుకు వెయ్యరో నాకు అర్థం కాదు, అంటే అర్థమవుతుంది, 11 అని వేస్తే చవక పెన్‌డ్రైవ్ ముందు కూడా పరువు పోతుంది.

ఇంకో మెలిక ఉంది, అసలు తిరకాసంతా దీనిలోనే. ఆ 24, ఆ 8 డిస్కు మొత్తానికి వర్తించవు, చిట్టచివరి అంచు దగ్గర మాత్రమే. సీడీ, డీవీడీ రెండూ లోపలి నుంచి బయటికి రాసుకుంటూ పోతాయి. ఇలాంటి డ్రైవుల్లో చదివేటప్పుడు మోటారు ఒకే వేగంతో తిరుగుతుంది, కాబట్టి రంగులరాట్నంలో బయటి గుర్రం మీద కూర్చున్నవాడు ఎక్కువ దూరం తిరిగినట్టు, బయటి అంచులో లెన్సు కిందకి ఎక్కువ డేటా వస్తుంది, లోపల తక్కువ. డేటా మొదలయ్యే చోటుకీ ఆఖరి అంచుకీ చుట్టుకొలతలో తేడా రెండు రెట్ల పైమాటే. అందుకే 8ఎక్స్ డ్రైవు నిజానికి మూడు పైచిలుకుతో మొదలై మెల్లగా పాకుతూ ఆఖర్న 8 తాకుతుంది. సగటు తీస్తే అయిదున్నర దగ్గర వస్తుంది. 24ఎక్స్ సీడీ పదితో మొదలవుతుంది. సగం నిండిన డిస్కయితే ఆ పెద్ద అంకె మీ జీవితంలోకి రానే రాదు. డ్యూయల్ లేయర్ (రెండు పొరల) డీవీడీ సినిమా అయితే ఇంకా తమాషా, మొదటి పొర లోపలి నుంచి బయటికి, రెండో పొర బయటి నుంచి లోపలికి ఉంటుంది కాబట్టి వేగం ఎక్కి మళ్లీ దిగుతుంది. కాపీ సగం దాటాక స్పీడు పడిపోతుంటే డ్రైవు పాడైందని టెన్షన్ పడకండి.

ఇక అన్ని స్లిమ్ డ్రైవుల మీదా అవే 24, 8 ఎందుకంటారా? లెక్క వేస్తే సరదాగా ఉంటుంది. సీడీ 24ఎక్స్‌లో అంచు దగ్గర చదవాలంటే మోటారు నిమిషానికి సుమారు అయిదు వేల చుట్లు తిరగాలి. డీవీడీ 8ఎక్స్‌కి కూడా ఇంచుమించు అంతే. అంటే ఆ రెండు అంకెలూ రెండు సామర్థ్యాలు కావు, ఒకే మోటారు పరిమితిని రెండు కొలతల్లో చెప్పడం. మనం అరచేతిలో పట్టుకునే పల్చటి డబ్బాలో, యూఎస్‌బీ ఇచ్చే కాస్త కరెంటుతో అంతకంటే తిప్పితే మోత, వణుకు. డెస్క్‌టాప్‌లో పెట్టే పెద్ద డ్రైవు దీనికి రెండింతలు తిరుగుతుంది, అందుకే దాని మీద 48, 16 అని ఉంటాయి.

ఈ సీడీ అంకెల పోటీ దాదాపు 52ఎక్స్ దగ్గర ఆగింది కూడా ఇందుకే. అప్పటికే నిమిషానికి పది వేల చుట్లు దాటి, డిస్కు అంచు గంటకు 220 కిలోమీటర్ల పైన పోతుంటుంది, లోపల ఎక్కడో చిన్న పగులున్న సీడీ అయితే డ్రైవులోనే ముక్కలైన సందర్భాలున్నాయి. కెన్‌వుడ్ కంపెనీ వాళ్లు 72ఎక్స్ డ్రైవు తెచ్చారు కదా అంటారేమో, నిజమే, కానీ వాళ్లు డిస్కుని ఇంకా వేగంగా తిప్పలేదు, ఏడు లేజర్ కిరణాలతో ఒకేసారి పక్కపక్క వరుసల్ని చదివించారు. తెలివైన పనే, అయినా నిలబడలేదు.

పెట్టె వెనక చిన్న అక్షరాల పట్టిక ఉంటుంది, ముందు వైపు కంటే అదే నిజాయితీగా ఉంటుంది. నా దానిలో ప్లస్ ఆర్, మైనస్ ఆర్ (ఒక్కసారే రాయగలిగే డీవీడీలు) రాయడానికి 8, డ్యూయల్ లేయర్‌కి 6, మైనస్ ఆర్‌డబ్ల్యూకి (చెరిపి మళ్లీ రాసేది) 6, అలాగే మళ్లీ మళ్లీ రాయగలిగే డీవీడీ ర్యామ్‌కి 5 అని ఉంది. పాత సీడీ రైటర్ల మీద 52 32 52 అని మూడు అంకెలుండేవి గుర్తుందా, మొదటిది రాయడం, రెండోది ఆర్‌డబ్ల్యూ మీద చెరిపి రాయడం, మూడోది చదవడం.

రాసే పని విషయానికొస్తే నాకు పెద్దగా కంప్లైంట్ లేదు. పూర్తి 8 వేగంలో పెడితే నిండు 4.7 జీబీ డీవీడీ పది నిమిషాల చిల్లరలో అయిపోతోంది, పై లెక్కలో వచ్చిన సగటుకి సరిగ్గా సరిపోయింది. 700 ఎంబీ సీడీ ఐదు నిమిషాలు. కానీ వేగం డ్రైవు ఒక్కటే నిర్ణయించదు, డిస్కు కూడా ఒప్పుకోవాలి. ఖాళీ డిస్కు గాడిలోనే అది ఎవరు చేసిందో, ఎంత వేగం తట్టుకుంటుందో తెలిపే సమాచారం ఉంటుంది, డ్రైవు దాన్ని చదువుకుని లేజర్‌ని ఎలా కాల్చాలో చూసుకుంటుంది. 16ఎక్స్ అని రాసున్న డిస్కు ఈ డ్రైవులో పెడితే 8కి మించదు, పాత 4ఎక్స్ డిస్కు పెడితే సాధారణంగా 4 దగ్గరే ఆగుతుంది. ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిదని మన ఫోటో స్టూడియోల వాళ్లు ఇప్పటికీ అంటుంటారు, అది సగమే నిజం. ఇప్పటి డిస్కుల రంగుపొర (లేజర్ డేటా రాసే పొర) ఎక్కువ వేగానికే తయారైంది, మరీ తక్కువలో రాసినా నాణ్యత పెరగాలని లేదు. నేను మామూలుగా ImgBurn అనే బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో డీవీడీకి 4 లేదా 6 పెట్టి, తర్వాత వెరిఫై (రాసింది సరిగ్గా ఉందో లేదో చదివి చూడటం) తప్పకుండా చేస్తున్నా, ఆ వెరిఫై ఇచ్చే నమ్మకం ఏ ఎక్స్ అంకే ఇవ్వదు. కారు ప్లేయర్‌లో వేసే ఆడియో సీడీకి మాత్రం 10, 16 మధ్య రాస్తున్నా, పాత ప్లేయర్లు వాటిని పేచీ లేకుండా తీసుకుంటున్నాయి. ఒకప్పుడు బర్న్ అయ్యేటప్పుడు మౌస్ కూడా కదపకుండా శ్వాస బిగబట్టి కూర్చునేవాళ్లం కదా, డేటా ఆలస్యమైతే డిస్కు దండగ అని. 2000లో సాన్యో కంపెనీ, డేటా ఆగితే రాయడం ఆపి మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టే బర్న్ ప్రూఫ్ తెచ్చాక, ఆ తర్వాత అందరూ అలాంటివే పెట్టాక, ఆ బాధ పోయింది.

అసలు పరీక్ష పాత డిస్కుల దగ్గర. గీతలు పడ్డ పెళ్లి డీవీడీ పెడితే 8 అందదు, తప్పులు ఎదురైన కొద్దీ డ్రైవు వేగం తగ్గించి, మళ్లీ చదివి, మళ్లీ తగ్గించి, గరగరమంటూ ఒక్క డిస్కుకే గంట దాటించిన సందర్భమూ ఉంది. కానీ చదివింది, పక్కింటివాళ్ల పాత ల్యాప్‌టాప్ డ్రైవు ససేమిరా అన్న డిస్కుని ఇది చదివింది, నాకు ఈ డ్రైవు మీద గౌరవం కలిగింది అక్కడే. లినక్స్ వాడేవాళ్లు ఎజెక్ట్ కమాండుకి మైనస్ ఎక్స్ 4 (eject -x 4) అని ఇచ్చి ముందే వేగం తగ్గించొచ్చు, చాలా డ్రైవులు ఆ మాట వింటాయి, దెబ్బతిన్న డిస్కుకి అది మేలు, మోతా తగ్గుతుంది. మోజర్ బేర్ కంపెనీ చవగ్గా అమ్మిన రోజుల్లో కొన్న సినిమా డీవీడీలు కూడా ఉన్నాయి నా దగ్గర, అలాంటి సినిమా డిస్కులు చాలా డ్రైవుల్లో కావాలనే నెమ్మదిగా తిరుగుతాయి, సినిమా చూస్తుంటే హోరు వినపడకూడదని, దాన్నే రిప్‌లాక్ అంటారు. అది లోపం కాదు. చూడటానికైతే అసలు 1ఎక్స్ చాలు, డీవీడీ వీడియో గరిష్ఠ వేగమే 1ఎక్స్‌కి లోపల ఉంటుంది, వీసీడీ కూడా సీడీ 1ఎక్స్‌లోనే నడుస్తుంది.

యూఎస్‌బీ 3.0 మోడల్ అని ఇంకో అయిదారు వందలు ఎక్కువ అడిగారు. ఇవ్వకండి. 11 మెగాబైట్ల డ్రైవుకి యూఎస్‌బీ 2.0 దారే మూడు రెట్లు వెడల్పు, 3.0 పెట్టినంత మాత్రాన మోటారు వేగం పెరగదు. ఒక్క విషయంలో పనికొస్తుంది, 3.0 పోర్టు 900 మిల్లీఆంపులు ఇస్తుంది, 2.0 పోర్టు 500 దగ్గర ఆగుతుంది, డిస్కు తిరగడం మొదలయ్యేటప్పుడు ఈ డ్రైవులు కాస్త ఎక్కువే లాగుతాయి. కాబట్టి డ్రైవు 2.0ది కొని, ల్యాప్‌టాప్‌లో 3.0 పోర్టుకి నేరుగా పెట్టండి. కరెంటు వైరు లేని చవక హబ్‌కి తగిలిస్తే టిక్ టిక్ మని డిస్కు పట్టుకోకుండా సతాయిస్తుంది, లేదా రాస్తూ మధ్యలో ఆగి ఒక డిస్కు మింగుతుంది.

రేటింగ్ అంటే, అయిదుకి నాలుగు. తగ్గిన ఒకటి వేగానికి కాదు, మూరెడు కూడా లేని కేబుల్‌కి, ట్రే తోస్తుంటే ఊగే ప్లాస్టిక్‌కి. ఇంట్లో డెస్క్‌టాప్ ఉండి వందల డిస్కులు కంప్యూటర్‌లోకి ఎక్కించాల్సినవాళ్లు ఇది కాకుండా సాటా కేబుల్‌తో లోపల బిగించే డ్రైవు తీసుకోండి, సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) పాతవి దొరికితే అడిగి చూడండి, కాకపోతే కొనేముందు అక్కడే ఒక గీతలు పడ్డ డిస్కు పెట్టి చదివించండి, డిస్కు ఇంటి నుంచి మీరే పట్టుకెళ్లండి.