రామకోటి పుస్తకం: పాత ఎడిషన్‌లో మార్జిన్ ఉండేది

ఆరు రామకోటి పుస్తకాలు నిండాయి, వచ్చే శ్రీరామనవమికి భద్రాచలం తీసుకెళ్ళి స్వామికి సమర్పిద్దామని అటక మీంచి దింపా. ఏడోది మొన్నే కొన్నా, అదే కంపెనీది కానీ కొత్త ఎడిషన్, అందుకని పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని ఈ రివ్యూ రాస్తున్నా.

ముందు లెక్క చెప్తా. అడ్డంగా 12, నిలువుగా 18, పేజీకి 216 గళ్ళు. 200 పేజీలకి 43,200 నామాలు. రోజుకి రెండు పేజీలు రాస్తే వంద రోజుల్లో ఒక పుస్తకం అవుద్ది, అదే కోటి పూర్తవ్వాలంటే 232 పుస్తకాలు కావాలి, ఒక్కరోజు కూడా మానకపోయినా 63 ఏళ్ళు పైమాటే. నాకు ఆరు పుస్తకాలకే పన్నెండేళ్ళు పట్టింది.

పాతదాంట్లో కాగితం కొంచెం గరుకు, రెనాల్డ్స్ 045తో రాస్తే హాయిగా పోయేది, వెనక్కి దిగేది కాదు. కొత్తది తెల్లగా నున్నగా ఉంది, జెల్ పెన్‌తో రాస్తే అవతలి పేజీలో కనిపిస్తోంది. పాతది కుట్టు బైండింగ్, తెరిస్తే పరుచుకుని ఉండేది. కొత్తది గమ్ బైండింగ్, ఎడం చేత్తో అదిమి పట్టుకోవాలి, రెండు పేజీలయ్యేసరికి చెయ్యి లాగేస్తోంది.

అసలు సంగతి మార్జిన్. పాతదాంట్లో ఎడమవైపు రెండు వేళ్ళ వెడల్పు ఖాళీ ఉండేది, రోజూ తేదీ వేసి అక్కడ ఒక లైను రాసుకునేవాణ్ణి. ఇన్నేళ్ళకి అవి చదువుతూ కూర్చుంటే రాత్రి ఒంటిగంటయింది.

మొదటి పుస్తకం 2012. బీటెక్‌లో ఎం-త్రీ, అంటే మూడో మ్యాథ్స్ పేపర్, బ్యాక్‌లాగ్. మార్జిన్ నిండా "రామా, ఎం-త్రీ గట్టెక్కించు" అనే ఉంది. గళ్ళు చూస్తే స్పీడ్ కోసం పైనించి కింద దాకా ముందు శ్రీ, శ్రీ, శ్రీ అని రాసుకుంటూ పోయి, తర్వాత వాటికి రామ తగిలించా. ఒక పేజీలో మధ్యలో పెన్ను మారినట్టుంది, శ్రీలన్నీ నీలం, రామలన్నీ నలుపు. ఆ పేజీలో నామం ఒక్కసారైనా మనసులో అనుకుని ఉండను.

నాలుగోది 2021. మే నెలలో నాన్నకి కొవిడ్ వచ్చింది. మార్జిన్‌లో మాటల్లేవు, ఆక్సిజన్ అంకెలే. 91, 89, 93. గళ్ళల్లో మాత్రం ప్రతి నామం మొదలుపెట్టింది పూర్తి చేసి, అప్పుడు పక్క గడిలోకి వెళ్ళా, అక్షరం కుదురుగా ఉంది, అలా రాశానని నాకే గుర్తులేదు. జూన్‌లో నాన్న ఇంటికొచ్చారు, 96 అని రాసి కింద రెండు గీతలు కొట్టా. పేజీ తిప్పితే తేదీ నవంబర్. అడిగింది చేతికొచ్చాక ఐదు నెలలు స్వామి వైపు చూడలేదన్నమాట. చాలాసేపు ఆ పేజీ దగ్గరే ఆగిపోయా. పొద్దున్నే నాన్నకి చూపిస్తే, "గోల్కొండ జైల్లో రామదాసంతటోడే రాముణ్ణి నిలదీశాడు, అడగడం తప్పేం కాదురా, నవంబర్‌లో మళ్ళీ రాశావుగా, అప్పుడేం అడిగావో చూడు" అన్నారు. చూశా. "ఏం లేదు స్వామీ, వచ్చా" అని ఉంది.

ఆఖరి రెండు పుస్తకాల్లో కోరికలు తక్కువే. "ఆఫీసులో కొత్త కుర్రాడి మీద అందరిముందు అరిచా." మర్నాడు "సారీ చెప్పా." ఆరో పుస్తకంలో ఇలాంటివి ఆరేడు చోట్ల ఉన్నాయి, అంటే కోపం పోలేదు, కానీ ఆ సాయంత్రానికే నాకు కనిపిస్తోంది. 2012లోనూ అరిచే ఉంటాను కదా, ఆ పుస్తకంలో నా తప్పు ఒక్కటీ లేదు, పేపర్ కష్టంగా ఇచ్చారని మాత్రం ఉంది. కొన్ని రోజులు మార్జిన్ ఖాళీగా కూడా వదిలేశా, తేదీ ఒక్కటే. ఆ పేజీలు మళ్ళీ మళ్ళీ చూడాలనిపించింది.

కొత్త ఎడిషన్‌లో ఆ మార్జినే తీసేశారు. చుట్టూ పూల బోర్డర్, కింద ఒక సూక్తి. రేటు 60 నుంచి 110 అయింది, రేటుతో నాకు ఇబ్బంది లేదు. ఉత్త నామం రాసుకునేవాళ్ళు తీసుకోవచ్చు, గళ్ళు పెద్దగానే ఉన్నాయి, పెద్దవాళ్ళకి సుఖం. పక్కన ఒక మాట రాసుకునే అలవాటున్నవాళ్ళు మాత్రం షాపులో తెరిచి చూసి, మార్జిన్ ఉన్నదే అడిగి తీసుకోండి. నేను కొన్నదాంట్లో మొదటి రెండు నిలువు వరసలు వదిలేసి అక్కడ తేదీ, మాట రాస్తున్నా. పేజీకి 180 నామాలే వస్తున్నాయి, ఫర్లేదు.