కెమెరాతో పాటన్: బంగారు గుడి, దాని చుట్టూ సందులు

నేపాల్ రాజధాని కాఠ్మండు వెళ్లేవాళ్లలో చాలామంది పక్కనే ఉన్న పాత ఊరు పాటన్‌ని ఒక్క పూటలో చూసేసి వచ్చేస్తారు. నేనూ అలాగే అనుకుని, కాఠ్మండులో టూరిస్టులు ఎక్కువగా దిగే థమేల్‌లో హోటల్ బుక్ చేసుకున్నాను. థమేల్‌కి వంక పెట్టడానికేం లేదు. తిండికి, డబ్బులు మార్చుకోవడానికి, షాపింగ్‌కి అన్నీ అడుగు దూరంలోనే ఉంటాయి. కానీ నేను వెళ్లింది హిరణ్యవర్ణ మహావిహారాన్ని, అంటే అందరూ గోల్డెన్ టెంపుల్ అనే ఆ పాత బౌద్ధ ఆలయాన్ని ఫొటోలు తీయడానికి. అది బాగ్మతి నదికి అవతల, పాటన్‌లో ఉంది. మొదటి రోజు తెల్లవారుజామున టాక్సీ దొరికి, బేరం కుదిరి, అక్కడికి చేరేసరికి ఏడున్నర దాటింది. అప్పటికే గైడ్ల వెనక టూరిస్టులు బారులు తీరి ఉన్నారు. రెండో రోజూ అంతే. మూడో రోజు సామాను సర్దుకుని పాటన్‌కి మారిపోయాను. ఆ పని ముందే చేసి ఉండాల్సింది.

ఈసారి దిగింది ఒక పాత నేవారీ ఇంట్లో (నేవార్లు ఈ లోయలో తరతరాలుగా ఉంటున్నవాళ్లు) నడుపుతున్న గెస్ట్‌హౌస్. గది చిన్నది, తలుపు ఇంకా చిన్నది, వంగకపోతే నుదురు తగులుతుంది. పైకి వెళ్లడానికి నిచ్చెన లాంటి చెక్క మెట్లు. వేడినీళ్లు కాసేపే వస్తాయి. కానీ గుడికి నాలుగు నిమిషాల నడక! నవంబరు చలిలో షాల్ కప్పుకుని ఆరింటికల్లా గుడి ముందు ఉండేవాణ్ణి. ఇక్కడి గడియారం మనకంటే పదిహేను నిమిషాలు ముందుంటుంది, అది కూడా గుర్తుంచుకోవాలి.

బయట నుంచి చూస్తే గుడి ఉన్నట్టే తెలియదు. వీధిలో రెండు రాతి సింహాలు, వాటి మధ్య ఒక ఇరుకు ద్వారం. లోపలికి అడుగు పెట్టాకే తెలుస్తుంది. నాలుగు వైపులా కట్టడాలు, మధ్యలో కాస్త పల్లంగా ఒక ప్రాంగణం, అందులో బంగారు పూత మెరిసే చిన్న మందిరం. ఇది 12వ శతాబ్దం నాటిదని చెబుతారు. ఆ పల్లపు ప్రాంగణంలోకి తోలు వస్తువులేవీ తీసుకెళ్లకూడదు. చెప్పులు, బెల్టు తీసి పక్కన పెట్టాను. దిగబోతుంటే అక్కడున్న పెద్దాయన నా మెడ వైపు వేలు చూపించారు. కెమెరా పట్టీ తోలుది! ఆ సంగతి నాకు తట్టనే లేదు. పట్టీ ఊడదీసి, ఆ పూటంతా కెమెరాని రెండు చేతులతో పట్టుకునే తిరిగాను. మీరు వెళ్తే గుడ్డ పట్టీ వేసుకెళ్లండి.

ప్రాంగణం ఇరుకు కాబట్టి 35 ఎంఎం లెన్స్ చాలదు, ఇంకా వెడల్పుగా చూపించే 24 అయినా ఉండాలి. అసలు కష్టం వెలుతురుతో. బంగారు రేకు మీద ఎండ పడగానే ఫొటోలో అది వట్టి తెల్లగా వచ్చేస్తుంది, పక్కనున్న నల్ల చెక్క చీకట్లో మునిగిపోతుంది. ఎండ పైకప్పు మీద పడి, ఇంకా కిందికి దిగని ఆ కొద్దిసేపే మంచి సమయం. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు సగానికి) తగ్గించి, కెమెరా మార్పులేవీ చేయని రా ఫైల్‌లో తీస్తే తర్వాత సరిచేసుకోవచ్చు.

దగ్గర నుంచి చూడాల్సింది కోతి బొమ్మలు. రెండు చేతులా పనసకాయ పట్టుకుని స్వామికి ఇస్తున్నట్టు కూర్చుని ఉంటాయి. ఒకదాని ముక్కు మీద ఎర్రటి పొడి, పనసకాయ మీద ఎవరో పెట్టిన బంతిపూవు రేక. దాని కోసం నేల మీద బోర్లా పడుకున్నాను. అంతలో ఒక తాబేలు, బొమ్మ కాదు, నిజంగా బతికున్నదే, నా మోచేతి పక్క నుంచి నింపాదిగా వెళ్లిపోయింది. ఆ ప్రాంగణంలో అవి అలా స్వేచ్ఛగా తిరుగుతుంటాయి.

గర్భగుడి సేవ చేసేది పన్నెండేళ్లు నిండని పిల్లవాడు. నెల రోజులు చేశాక ఇంకో పిల్లవాడికి వంతు వస్తుంది. ఆ అబ్బాయి గంట మోగిస్తుంటే చాలామంది ఫోన్లు ఎత్తారు. నాకు మాత్రం తీయాలనిపించలేదు. పూజ చేసుకునే పిల్లాడి ముఖం మీదికి లెన్స్ పెట్టడం తప్పని నా నమ్మకం.

గుడి చుట్టూ ఉన్న సందులకు ఎంత టైమిచ్చినా తక్కువే. ఇక్కడ విహారాన్ని బహాల్ అంటారు. ఒక బహాల్ నుంచి ఇంకో బహాల్‌లోకి ఇళ్ల కిందుగా దారులుంటాయి. నాగ్ బహాల్ పెద్ద వాకిలి లాంటిది. మధ్యలో చైత్యాలు, అంటే చిన్న స్తూపాలు, వాటి పక్కనే ఆరబెట్టిన ధాన్యం, ఎండలో కూర్చున్న ముసలమ్మలు. అడిగి తీస్తే ఒకావిడ తప్ప ఎవరూ వద్దనలేదు. దక్షిణంగా వెళ్తే విగ్రహాలు పోసేవాళ్ల వీధులు. మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి, పేడ, ఊక కలిపి పూసి ఆరబెడతారు. కాల్చితే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలో రాగి పోస్తారు. ఒక పనివాడు బౌద్ధుల దేవత తారాదేవి విగ్రహం వేలి గోరుని చిన్న ఉలితో అరగంట దిద్దాడు. నా ట్రిప్ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఫొటో ఆ చేతులదే.

పాత రాజభవనం ముందున్న గుళ్ల చౌకం, దర్బార్ స్క్వేర్, నడక దూరమే. 1637 నాటి రాతి కృష్ణ మందిరం తూర్పు ముఖం, కాబట్టి దాన్ని పొద్దున్నే తీయాలి. ఎదురుగా ఉన్న రాజభవనం మీద ఎండ మధ్యాహ్నం తర్వాత పడుతుంది. 2015 భూకంపంలో ఇక్కడ కొన్ని గుళ్లు పూర్తిగా కూలిపోయాయి. మన దేశంతో సహా సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాల వాళ్లకి టికెట్ తక్కువ, పాస్‌పోర్టో ఓటరు కార్డో దగ్గర పెట్టుకోండి. ఆకలేస్తే బారా తినండి, మన మినప రొట్టెకి చుట్టమే.

వచ్చే ఏడాది అమ్మని తీసుకెళ్లాలని ఉంది. ఆవిడ మోకాళ్లతో ఆ చెక్క మెట్లు ఎక్కడం కుదరదు. గెస్ట్‌హౌస్‌లో కింది అంతస్తు గది ఒక్కటే ఉంది, దాన్ని మాకే ఉంచమని నడిపే దీదీకి చెప్పి వచ్చాను.