మెల్‌బోర్న్: టికెట్ లేనివే ఎక్కువ నచ్చాయి

మెల్‌బోర్న్ వెళ్తున్నామని చెబితే, సిడ్నీ చూసొచ్చిన వాళ్లంతా ఒకే ప్రశ్న వేశారు: "అక్కడ చూడ్డానికి ఏముంది?" ప్రశ్నలో కొంత నిజం లేకపోలేదు. ఫోటో పంపగానే ఎవరైనా గుర్తుపట్టే ఒపేరా హౌస్ లాంటి కట్టడం ఈ ఊళ్లో లేదు. పాయింట్లు రాసుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ తిరిగే వాళ్లకి మెల్‌బోర్న్ నిరాశే మిగులుస్తుంది. మా బ్యాచ్‌లో ఇద్దరు సరిగ్గా అలాంటి వాళ్లే. అందుకని ఈ ట్రిప్ సగం చూడ్డంలో, సగం వాదించుకోవడంలో గడిచింది.

ఇంజినీరింగ్ రోజుల మిత్రులం. ఒకడు అక్కడే నగర శివారు తార్నీట్‌లో స్థిరపడ్డాడు, మిగతా నలుగురం హైదరాబాద్, విజయవాడల నుంచి జనవరి సెలవుల్లో సింగపూర్ మీదుగా వెళ్లాం. జనవరి అంటే అక్కడ నడి వేసవి. స్కూళ్లకి సెలవులు, దానికి తోడు నెల రెండో సగంలో ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్. హోటల్ గదుల రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.

ముందు విమానాశ్రయం సంగతి. విమానంలో ఇచ్చే కార్డు మీద తినుబండారాల ప్రశ్న ఉంటుంది. ఆవకాయ, గోంగూర, పొడులు ఏమున్నా సరే "ఉన్నాయి" అని రాయండి. మా సీసాలు అటూ ఇటూ తిప్పి చూసి, ఇంట్లో చేసిందేనా అని అడిగి వదిలేశారు. ఒకడి సంచిలో వాళ్లమ్మ పెట్టిన పచ్చి కరివేపాకు మాత్రం అక్కడికక్కడే చెత్తబుట్టలో పడింది. చెప్పి తెస్తే పోయేది వస్తువే, దాచి తెస్తే జరిమానా పడుతుంది. ఇంత పెద్ద నగరానికి విమానాశ్రయం నుంచి రైలు లేకపోవడం ఆశ్చర్యమే. స్కైబస్ నేరుగా ఊరి మధ్యలోని సదరన్ క్రాస్ రైల్వే స్టేషన్‌కి తీసుకెళ్తుంది. ఒక్కరో ఇద్దరో అయితే అది మేలు. నలుగురు ఉంటే ఊబర్‌కీ దానికీ పెద్ద తేడా ఉండదు.

బస విషయంలో మొదట్నుంచీ రెండు పార్టీలు. తార్నీట్ వాడేమో "ఇంట్లో నాలుగు గదులున్నాయి, హోటల్ ఏంట్రా, మా ఆవిడ ఊరుకోదు" అంటాడు. మేమేమో ఊరి మధ్యలో ఉండాలంటాం. చివరికి కొన్నాళ్లు అక్కడ, కొన్నాళ్లు ఇక్కడ అని రాజీపడ్డాం. రెండూ చూశాక నా అభిప్రాయం ఇది. తార్నీట్ నుంచి సదరన్ క్రాస్‌కి రైలు అరగంటే, అయితే పొద్దున పూట నిలబడే వెళ్లాలి. రాత్రి ఆలస్యమైతే రైళ్ల మధ్య ఎడం ఎక్కువ. ఊరు చూడాలనుకునే రోజుల్లో ఊళ్లోనే ఉండాలి. సదరన్ క్రాస్ దగ్గర మేం తీసుకున్నది రెండు పడకగదుల సర్వీస్డ్ అపార్ట్‌మెంట్. వంటగది, వాషింగ్ మెషిన్ ఉన్నాయి. పొద్దున అన్నం వండుకుని పెరుగూ ఆవకాయతో తిని బయల్దేరితే మధ్యాహ్నం ఖర్చు సగం తగ్గింది. నలుగురూ పంచుకుంటే రెండు మామూలు హోటల్ గదుల కంటే చవక కూడా. కారుంటే పార్కింగ్‌కి రోజుకి ఇంత అని విడిగా కట్టాలి. అందుకే ఊళ్లో ఉన్నన్నాళ్లూ కారు జోలికి పోలేదు.

పోవాల్సిన అవసరమూ లేదు. నగర కేంద్రంలో ట్రామ్ ఎక్కితే టికెట్ లేదు. 2015 నుంచీ ఈ ఉచిత జోన్ నడుస్తోంది. 35 నంబరు సిటీ సర్కిల్ పాత కాలపు చెక్క ట్రామ్, ఊరి మధ్య భాగాన్ని చుట్టి వస్తుంది. మొదటి పూట అది ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటే చాలు, ఏ వీధి ఎటు పోతుందో అర్థమైపోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. మిగతా ట్రామ్ లైన్లు జోన్ దాటి ముందుకు పోతాయి. ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ దాటి దక్షిణంగా నది అవతలికి వెళ్తే మైకీ అనే ప్రయాణ కార్డు తాకించాల్సిందే. లోపల అనౌన్స్‌మెంట్ చేస్తారు కానీ మనవాళ్లు నలుగురు కలిస్తే అనౌన్స్‌మెంట్లు ఎవరికి వినపడతాయి? తనిఖీ చేసేవాళ్లు యూనిఫాంలోనూ ఉంటారు, మామూలు బట్టల్లోనూ ఉంటారు.

డబ్బు తీసుకోని చోట్లలో నాకు అన్నిటికంటే నచ్చింది స్టేట్ లైబ్రరీ. 1913లో కట్టిన గుమ్మటం కింద ఎనిమిది పలకల చదువుల గది. మధ్యలోంచి నలువైపులా పరుచుకున్న పాత బల్లలు, ఆకుపచ్చ దీపాలు. పరీక్షలకి చదువుకునే కుర్రాళ్లు మనల్ని పట్టించుకోరు. పై అంతస్తు నుంచి కిందికి చూస్తే కాసేపు మాట రాదు. మాలో అందరికంటే వాగుడుకాయ కూడా ఇక్కడ నోరు తెరవలేదు. నెడ్ కెల్లీ అనే బందిపోటు 1880లో పోలీసుల మీద ఆఖరి పోరాటంలో తొడుక్కున్న ఇనప కవచం కూడా ఈ భవనంలోనే ఉంది.

ఎత్తు నుంచి ఊరు చూడాలంటే అందరూ 88వ అంతస్తులోని స్కైడెక్ అంటారు. పాయింట్ల పార్టీ వెళ్లింది, బాగుందనే చెప్పింది. మిగతా వాళ్లం ఆ సాయంత్రం ష్రైన్ ఆఫ్ రిమెంబ్రెన్స్‌కి నడిచాం. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన వాళ్ల కోసం కట్టిన స్మారకం, ప్రవేశం ఉచితం. మెట్లెక్కి పైనున్న బాల్కనీలో నిలబడితే ఎదురుగా తిన్నటి రోడ్డు, దాని చివర మేడలన్నీ కనిపిస్తాయి. 88 అంతస్తుల ఎత్తు లేదు, నిజమే. కానీ ఊరి ఆకారం ఇక్కడే బాగా తెలుస్తుంది. పక్కనే బొటానిక్ గార్డెన్స్, అదీ ఉచితమే. ఒక పూట మొత్తం అక్కడికే ఉంచుకోండి.

బ్రైటన్ బీచ్‌లోని రంగురంగుల చెక్క గదుల గురించి మాత్రం నిర్మొహమాటంగా చెప్పాలి. రంగులు ముచ్చటగా ఉన్నాయి. వాటికి కరెంటూ నీళ్లూ లేకపోయినా లక్షల డాలర్లు పలుకుతాయట, తార్నీట్ వాడు చెప్పాడు. ఫోటో దిగడానికి అరగంట చాలు. సగం రోజు ప్లాన్ చేసుకునేంత లేదు.

క్వీన్ విక్టోరియా మార్కెట్ 1878 నుంచీ ఉంది. సోమ, బుధవారాలు పగలు మూసి ఉంటుంది, చూసుకుని వెళ్లండి. పళ్లు తాజాగా ఉంటాయి, మధ్యాహ్నం మూసే వేళకి "రెండు డాలర్లకి పెట్టె" అని కేకలు మొదలవుతాయి. అచ్చం మన మోండా మార్కెట్ కేకలే. అక్కడ బండి మీద అమ్మే జామ్ డోనట్లు వేడివేడిగా తినాలి, చల్లారాక అందులో ఏమీ లేదు. కాఫీ గురించి ఊరంతా గొప్పలు పోతుంది. డిగ్రేవ్స్ స్ట్రీట్ సందులో కూర్చుని తాగిన ఫ్లాట్ వైట్ ఆ గొప్పలకి తగ్గట్టే ఉంది. కప్పు అయిదారు డాలర్లు, అంటే మన డబ్బుల్లో మూడు వందల పైమాటే. మొదటి రెండు కప్పులకి లెక్క వేసుకుంటాం, తర్వాత మానేస్తాం. మనవాళ్ల భోజనం మాత్రం సిటీ మధ్యలో వెతక్కండి. తార్నీట్, ట్రుగానినా వైపు వెళ్తే బిర్యానీ బిర్యానీలాగే ఉంటుంది.

టికెట్ కొని కూడా బాధపడనిది ఎంసీజీ, అంటే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్ టూర్. మ్యాచ్ లేని రోజుల్లోనే ఉంటుంది. గైడ్లు ఎక్కువగా క్లబ్ సభ్యులే, స్వచ్ఛందంగా చేస్తారు. మాకొచ్చిన పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. 1877లో ప్రపంచంలోనే మొదటి టెస్టు ఇక్కడ ఆడారని గైడ్లందరూ చెబుతారు. మేం భారతీయులమని తెలిశాక ఆయన తన ఇష్టంతో 2024 డిసెంబరు దగ్గరికి వచ్చేశారు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఎనిమిదో నంబరులో దిగి 114 కొట్టిన ఇన్నింగ్స్. అతని సెంచరీకి కాస్త ముందు బుమ్రా అవుటయ్యాక, ఆఖరి వికెట్‌గా దిగిన సిరాజ్ మూడు బంతులు కాచుకున్నప్పుడు స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టిందన్నారు. స్టాండ్స్‌లో ఆ అబ్బాయి తండ్రి ఏడవడం టీవీలో చూసిన మాకు, ఆ కుర్చీల ఎదుట నిలబడితే గొంతు పట్టేసింది. సిరాజ్ మా హైదరాబాద్ వాడే అని మావాడొకడు ఆయనకి ఓ రెండుసార్లు గుర్తుచేశాడు.

ఇక సముద్రం పక్కనే సాగే గ్రేట్ ఓషన్ రోడ్. అసలు గొడవంతా దీని దగ్గరే. సెలవు తక్కువున్న ఇద్దరు ఒక్కరోజు బస్ టూర్ బుక్ చేసుకున్నారు. మిగతా ముగ్గురం కారు తీసుకుని మధ్యలో ఒక రాత్రి అపోలో బేలో ఉండేలా వెళ్లాం. ఇంగ్లిష్‌లో ఉన్న మన లైసెన్సుతో టూరిస్టులు అక్కడ నడపొచ్చు, రోడ్డుకి మనలాగే ఎడమ పక్కే. తార్నీట్ వాడు ఉండగా మాకు స్టీరింగ్ దొరకడమే కష్టమైంది.

టార్కీ నుంచి మొదలయ్యే ఈ రోడ్డు 240 కిలోమీటర్ల పైన ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా గునపాలు, పారలతో కొండ చెక్కి, చనిపోయిన తోటివాళ్ల గుర్తుగా వేశారు. రోడ్డు మీద కమాను కనిపించేదాకా ఇది యుద్ధ స్మారకమని మాలో ఇద్దరికి తెలియదు. లోర్న్ దాటాక ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం, ప్రతి మలుపులోనూ ఆగాలనిపిస్తుంది. కారులో వెళ్లడం వల్ల లాభం ఇదే, ఆగొచ్చు. కెనెట్ రివర్ దగ్గర యూకలిప్టస్ చెట్ల మీద కోలాలు ఉంటాయంటే మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాం. నిద్రపోతున్న ఒక బొచ్చుముద్ద కనిపించింది, కదల్లేదు.

అపోలో బేలో దిగిన మోటెల్ మామూలుదే. పరుపు మెత్తగా, గది శుభ్రంగా ఉంది, వైఫై పేరుకే. సముద్రం మాత్రం రోడ్డు దాటితే ఉంది. చిన్న ఊళ్లలో రాత్రి ఎనిమిదిన్నరకే వంటగదులు మూసేస్తారు, తిండి ముందే చూసుకోవాలి. మర్నాడు పొద్దున్నే బయల్దేరి, టూర్ బస్సులు రాకముందే పన్నెండు అపోస్తలుల దగ్గరికి చేరాం. పేరుకే పన్నెండు. సముద్రం కోసేస్తున్న సున్నపురాయి స్తంభాలివి. 2005 జూలైలో ఒకటి చూస్తుండగానే కూలిపోయింది. ఇదే తీరంలో లండన్ బ్రిడ్జ్ అనే రాతి వంతెన 1990లో తెగిపడితే, అవతల చిక్కుకున్న ఇద్దరు పర్యాటకుల్ని హెలికాప్టర్‌లో తీసుకొచ్చారు.

మా ముగ్గురికీ వాటన్నిటికంటే లాక్ ఆర్డ్ గార్జ్ ఎక్కువ నచ్చింది. రెండు కొండల మధ్య చిన్న ఇసుక ఒడ్డు. 1878లో లాక్ ఆర్డ్ ఓడ ఇక్కడ బద్దలైతే అందులోని 54 మందిలో ఇద్దరే బతికారు, ఓడలో పనిచేసే టామ్ పియర్స్, ప్రయాణికురాలు ఈవా కార్మైకేల్. ఇద్దరికీ ఇరవై లోపే. పోయిన వాళ్లలో కొందరి సమాధులు పైనే ఉన్నాయి. కిందికి దిగి అలల చప్పుడు వింటూ ఎంతసేపు కూర్చున్నా వెళ్లిపొమ్మనే వాళ్లు లేరు.

బస్ టూర్ వాళ్ల అనుభవం వేరు. పన్నెండు గంటలకి పైగా ప్రయాణం, అపోస్తలుల దగ్గర ముప్పావు గంట కూడా లేదు, లాక్ ఆర్డ్ గార్జ్‌కి పది నిమిషాలు. శాకాహారం ఉందని బుకింగ్‌లో రాసి, మధ్యాహ్నం చేతిలో పెట్టింది బంగాళాదుంప వేపుడు ముక్కలు. డ్రైవర్ మాత్రం మంచి కథలు చెప్పాడట, నడపాలన్న టెన్షన్ లేకుండా నిద్రపోయామన్నారు. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే నేను బస్సు వద్దనను, కానీ దానికోసం ఒక రాత్రి బస వదులుకోవద్దు. ఒక్కరోజే ఉంటే లోపలి రహదారిలో నేరుగా వెళ్లి అపోస్తలులు, గార్జ్ చూసి వెనక్కి రండి. తీరపు రోడ్డూ అపోస్తలులూ ఒకే రోజు కావాలంటే రెండూ దక్కవు.

ఫిలిప్ ఐలాండ్ పెంగ్విన్లకి అందరం కలిసే వెళ్లాం. చీకటి పడ్డాకే అవి సముద్రంలోంచి వస్తాయి. జనవరిలో సూర్యాస్తమయం దాదాపు తొమ్మిది కాబట్టి తిరిగి నగరం చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఫోన్ కెమెరాతో సహా ఫోటోలు పూర్తిగా నిషేధం. ఈ నిషేధం లేకపోతే మేమంతా స్క్రీన్లలోనే చూసేవాళ్లం. అడుగు ఎత్తుంటాయి, గుంపులు గుంపులుగా నురగలోంచి బయటికొచ్చి, భయపడి మళ్లీ నీళ్లలోకి పోయి, మళ్లీ ధైర్యం తెచ్చుకుని ఇసుక దాటతాయి. మామూలు టికెట్ చాలు. అవి గూళ్లకి పోయేటప్పుడు చెక్క దారి పక్కనే నడుస్తాయి, అక్కడ అందరికీ దగ్గరగానే కనిపిస్తాయి. ఆ మధ్యాహ్నం మెల్‌బోర్న్‌లో 36 డిగ్రీలు, రాత్రి ఆ గాలికి స్వెటర్ మీద స్వెటర్ వేసుకున్నాం. కారు తీసే ముందు కింద పెంగ్విన్ ఉందేమో వంగి చూడమని పార్కింగ్‌లో బోర్డు ఉంటుంది, చూడండి.

మళ్లీ వెళ్లేవాళ్లకి నేను చెప్పే నెల మార్చి. టెన్నిస్ జనం వెళ్లిపోతారు, ఎండ తగ్గుతుంది, పెంగ్విన్లు కూడా కాస్త ముందే వస్తాయి. బస ఊళ్లో తీసుకుని, మిత్రుడి ఇంటికి శనివారం భోజనానికి వెళ్లండి. వాళ్లావిడ కోపం పులిహోర దాకా వచ్చేసరికి తగ్గిపోతుంది.