జాగ్రత్త: ‘ఎక్సెల్ రహస్యాలు’ పేరుతో అమ్ముతున్న ఫైళ్లు

గత నెల 1,499 రూపాయలు పెట్టి ‘ఎక్సెల్‌లో దాగి ఉన్న 50 రహస్యాలు’ అనే ఫైలు కొన్నాను. ఆఫీసులో జీతాల లెక్కలు చూసే పని నాది. నెలాఖరున ఒక రోజైనా కలిసొస్తుందని ఆశ. పోయిన డబ్బు కన్నా ఆ ఫైలు తెచ్చిన ముప్పు పెద్దది కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు ఆ రహస్యాల సంగతి. ఇంటిపేరును విడదీసి చూపే మీట ఒకటి. అది ఎక్సెల్ 2013 నుంచీ ఉన్న ఫ్లాష్ ఫిల్. పక్క గడిలో ఒక పేరు మనం రాసి, దాని కింద గడిలో కంట్రోల్, E మీటలు కలిపి నొక్కితే మిగతావి అదే నింపుతుంది. రెండుసార్లు పడిన వరుసలను తీసేసే సదుపాయం డేటా ట్యాబులోనే ఉంది. ఉద్యోగి చేరి ఎన్నేళ్లయిందో చెప్పేది డేట్‌డిఫ్. లోటస్ 1-2-3 అనే పాత లెక్కల సాఫ్ట్‌వేర్ కాలం నాటి ఫైళ్ల కోసం ఉంచిన ఫార్ములా అది. టైపు చేస్తుంటే వచ్చే జాబితాలో కనిపించదు, కాబట్టి దాన్ని రహస్యమంటే ఒప్పుకుంటాను. అంకెలను అక్షరాల్లో రాసేది మాత్రం నా ఎక్సెల్‌లో లేదు. కానీ డాలర్ల లెక్కలో అలాంటి మ్యాక్రోను, అంటే ఫైలులో ఉండి పనులు తానే చేసే చిన్న ప్రోగ్రామును, మైక్రోసాఫ్ట్ తన సహాయ పేజీలో ఉచితంగానే ఇచ్చింది. లక్షలు, కోట్లకు తగ్గట్టు మార్చుకుంటే సరిపోతుంది.

అసలు ముప్పు మ్యాక్రోలతో. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మ్యాక్రోలను 2022 నుంచి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ తానే అడ్డుకుంటోంది, పైన ఎర్ర పట్టీ చూపిస్తుంది. ‘ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ పెట్టండి, భయం లేదు’ అని అమ్మినవాళ్ల సూచనల్లో మొదటి వాక్యమే. నేను పెట్టాను. అందరి బ్యాంకు ఖాతాల నంబర్లున్న కంప్యూటరులో అలా చేయడం తప్పు. మీరు చేయకండి.

తర్వాత అనుమానం వచ్చి ఆల్ట్, ఎఫ్11 నొక్కి, మ్యాక్రోల కోడు కనిపించే కిటికీ తెరిచి చూశాను. కింద ట్యాబుల్లో కనిపించని షీటు ఒకటి ఎడమ పక్క జాబితాలో ఉంది. ‘వెరీ హిడెన్’ అని పెట్టారు. అలా పెట్టిన షీటు మామూలు అన్‌హైడ్ జాబితాలోకి రాదు. దాన్ని విజిబుల్‌గా మార్చి తెరిస్తే అంతకుముందు కొన్నవాళ్ల పేర్లు, ఫోను నంబర్లు వరుసగా ఉన్నాయి. నా తర్వాత కొన్నవారి దగ్గర నా నంబరూ ఉండవచ్చు.

డబ్బు తిరిగి ఇమ్మని అడిగితే ‘డిజిటల్ సరుకు వాపసు తీసుకోం’ అన్నారు. వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫిర్యాదు చేశాను, జవాబు రావాలి. ఫైలు తీసేసి, కంప్యూటరును ఆఫీసు సాంకేతిక సిబ్బందికి అప్పగించాను.

ఇలాంటిది కొనాలనిపిస్తే ముందు ఎక్సెల్ తెరిచి ఆల్ట్, క్యూ నొక్కి, మీకు కావలసిన పని పేరు అక్కడ టైపు చేసి చూడండి. నేను కొన్నవాటిలో చాలావరకు ఆ పెట్టెలోనే దొరికాయి.